వర్క్‌షీట్ నుంచి గ్రాఫ్ దాకా: ఎక్సెల్, ఆరిజిన్, ప్రిజమ్, పైథాన్‌లలో మీకు ఏది?

నా ప్రీ-పీహెచ్‌డీ సెమినార్‌లో మూడో స్లైడ్ దగ్గరే బండి ఆగిపోయింది. వేరుశనగ మొక్క పొడి బరువు గ్రాఫ్ అది. విత్తిన 30, 45, 60, 90 రోజులకు మొక్కలు పీకి, ఓవెన్‌లో ఎండబెట్టి తూచిన లెక్కలు. ఎక్సెల్‌లో గీశాను. రంగులు బాగా కుదిరాయి, ప్రతి పాయింటు మీదా ముచ్చటగా ఎర్రర్ బార్ (కొలతల్లో హెచ్చుతగ్గు ఎంతో చూపే చిన్న నిలువు గీత) నిలబడింది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఏమ్మా, అన్ని పాయింట్లకూ ఎర్రర్ ఒకటేనా? నీ త్రాసు అంత బుద్ధిగా పనిచేసిందా?" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ అరచేతులు తడిసిపోయాయి. ఆ నవ్వు ఆగకముందే రెండో ప్రశ్న: "30కీ 45కీ మధ్య ఎంత జాగా ఉందో, 60కీ 90కీ మధ్య కూడా అంతే ఉంది. పదిహేను రోజులూ నెల రోజులూ ఒకటేనా?"

రెండు తప్పులూ నావే. ఎక్సెల్ నేను అడిగిందే చేసింది, నేను ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఎందుకలా అయిందో తర్వాత చెబుతాను.

ఇప్పుడు చిత్తూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. సాయంత్రమైతే తిరుపతి నుంచి ఎవరో ఒక స్కాలర్ ఫోన్. "మేడమ్, గ్రాఫులకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? మా సీనియర్లంతా ఆరిజిన్ అంటా ఉండారు" అని మొదలవుతుంది. నేను జవాబు చెప్పను. "నీ వర్క్‌షీట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు" అంటాను. గ్రాఫ్ ఎంత అందంగా వస్తుందన్నది చివరి సంగతి. ఏ సాఫ్ట్‌వేర్‌తో అయినా, ఓపిక ఉంటే, అందంగానే గీయొచ్చు. మీ కాలమ్‌లను అది ఎలా అర్థం చేసుకుంటుంది, రేపు వర్క్‌షీట్‌లో ఒక అంకె మారితే గ్రాఫ్ ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలే ఎంపికను తేల్చేస్తాయి. జర్నల్ రివ్యూయర్ ఒక్క శాంపిల్ మళ్ళీ చేయమన్నాడంటే పన్నెండు గ్రాఫులు తిరిగి గీయాలి. అప్పుడు తెలుస్తుంది తేడా.

ముందు మీ వర్క్‌షీట్ ఏ జాతిదో చూసుకోండి

తిరుపతి చుట్టుపక్కల నాకు వచ్చే డేటా ఎక్కువగా నాలుగు రకాలు.

ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్ళది మిషన్ కక్కిన డేటా. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్, ఎక్స్-కిరణాలతో పదార్థం నిర్మాణం చూసే పద్ధతి) తీసుకోండి. 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా, 0.02 డిగ్రీల అడుగుతో స్కాన్ చేస్తే ఒక్క శాంపిల్‌కే 3,501 వరుసలు. ఐదు శాంపిళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపాలి. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఫిజిక్స్ వైపు రేర్ ఎర్త్ కలిపిన గాజుల మీద పని చేసేవాళ్ళ స్పెక్ట్రాలూ ఈ కోవలోనివే. వరుసలు వేలల్లో, కాలమ్‌లు కొన్నే.

అగ్రికల్చర్ కాలేజీ వాళ్ళది దానికి పూర్తిగా తలకిందులు. వరుసలు కొన్నే, కానీ ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే పద్ధతులు), రిప్లికేషన్లు (ఒక్కో పద్ధతిని మళ్ళీ మళ్ళీ వేసినవి), తేదీలు అన్నీ అల్లుకుని ఉంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ప్రాజెక్ట్ చేసే పిల్లల తోతాపురి బ్రిక్స్ (తీపి కొలత) లెక్కలూ ఇంతే.

స్విమ్స్ ఆసుపత్రి వైపు నుంచి వచ్చేవి మనుషుల డేటా. ఒక్కో వరుసకు ఒక్కో రోగి, గ్రూపులు, ఎంతకాలం బతికారు అన్న కాలమ్.

నాలుగోది గాలి డేటా. చిత్తూరు బస్సులో వస్తుంటే గాదంకి టోల్‌గేటు తగులుతుంది కదా, ఆ గాదంకిలోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, పై గాలి పొరలను చూసే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉన్నాయి. అలాంటి డేటా మీద పనిచేసేవాళ్ళకు ఎత్తు నిలువు అక్షం మీద ఉండాలి, కాలం అడ్డంగా ఉండాలి, మూడో విలువ రంగుగా కనపడాలి. మామూలు రెండు కాలమ్‌ల ఆలోచన ఇక్కడ పనికిరాదు.

మీది వీటిలో ఏదో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఎక్సెల్: తిట్టేముందు నేర్చుకోండి

ఎక్సెల్‌ను చిన్నచూపు చూడటం ల్యాబుల్లో ఒక ఫ్యాషన్. నేను చూడను. 10,48,576 వరుసలు పడతాయి, దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, గైడ్‌కు పంపితే తెరుచుకుంటుంది. అంకె మారితే గ్రాఫ్ కూడా ఆ క్షణమే మారుతుంది. డేటాను ముందే టేబుల్‌గా మార్చుకుంటే, కింద కొత్త వరుస చేర్చినా గ్రాఫ్ దాన్ని కలుపుకుంటుంది. ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఇంతకన్నా అక్కర్లేదు.

కానీ గుంతలున్నాయి. వాటిలో నేను పడ్డవి చెబుతాను.

మొదటిది లైన్ చార్ట్. పేరు చూసి గీత కావాలంటే ఇదే అనుకుంటాం. కానీ లైన్ చార్ట్ అడ్డు అక్షం మీది అంకెలను అంకెలుగా చూడదు, పేర్లుగా చూస్తుంది. 30, 45, 60, 90 అని ఇచ్చినా దానికి అవి రాము, సోము, భీముల్లాంటివే. నలుగురినీ సమాన దూరంలో నిలబెడుతుంది. అందుకే నా గ్రాఫ్‌లో 60కీ 90కీ మధ్య నెల రోజులు పదిహేను రోజుల జాగాలోకి కుంచించుకుపోయి, అక్కడ పెరుగుదల ఉన్నదానికి రెండింతలు నిటారుగా కనపడింది. రోజులు, గాఢత, ఉష్ణోగ్రత లాంటివి అడ్డు అక్షం మీద ఉంటే, అంకె విలువను బట్టి దూరం పెట్టే స్కాటర్ చార్ట్ తీసుకోవాలి. పాయింట్లను కలిపే గీత స్కాటర్‌లోనూ ఉంది.

స్కాటర్‌లోనూ ఒక మెలిక ఉంది. ఎక్స్ (అడ్డు అక్షం) కాలమ్‌లో ఒక్క సెల్‌లో అక్షరం ఉన్నా, అంటే 30 అనే చోట ఎవరైనా "30 రోజులు" అని టైపు చేసినా, ఎక్సెల్ మొత్తం ఎక్స్ కాలమ్‌ను పక్కనపెట్టి 1, 2, 3, 4 అని వేసుకుంటుంది. చెప్పదు, హెచ్చరించదు. పోయిన ఏడాది ఒకమ్మాయి దీంతోనే రెండు రోజులు ఏడ్చింది. సెల్‌లో అంకె కుడివైపు అతుక్కుని ఉందా ఎడమవైపు ఉందా చూడమన్నాను. ఒక్కటి ఎడమవైపు ఉంది. అదే దొంగ.

రెండోది ఎర్రర్ బార్లు. మెనూలో స్టాండర్డ్ ఎర్రర్ అని కనపడగానే నొక్కేస్తాం. అది మీ రిప్లికేషన్ల నుంచి లెక్క కట్టదు. ఆ గీతలో ఉన్న సగటులన్నిటినీ ఒక గుంపుగా తీసుకుని ఒకే విలువ కట్టి, దాన్నే ప్రతి పాయింటుకూ తగిలిస్తుంది. నా త్రాసు అంత బుద్ధిమంతురాలు అయింది ఇందుకే. మీ ఎర్రర్ విలువలు వేరే కాలమ్‌లో లెక్క కట్టుకుని, కస్టమ్ అన్నచోట ఆ సెల్స్ చూపించాలి. ప్లస్‌కు ఒకసారి, మైనస్‌కు ఒకసారి.

మూడోది ఖాళీ సెల్. నిజంగా ఖాళీగా ఉంటే గీత అక్కడ తెగుతుంది, మంచిదే. కానీ ఫార్ములా పెట్టి ఖాళీ అక్షరాలు రాబట్టారంటే గ్రాఫ్ దాన్ని సున్నా అనుకుంటుంది, గీత పాతాళానికి దూకి పైకొస్తుంది. ఖాళీ అక్షరాల బదులు ఎన్ఏ (NA) ఫంక్షన్ పెట్టండి.

ఇక జీన్ పేర్లతో పనిచేసే బయోటెక్ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కొన్ని జీన్ పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. చివరికి 2020లో జీన్ నామకరణ కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. సాఫ్ట్‌వేర్ మారలేదని శాస్త్రమే సర్దుకుపోయిన సందర్భం ఇదొకటి!

ఐదు స్పెక్ట్రాలు పేర్చాలన్నా, రాడార్ తరహా రంగుల పటం గీయాలన్నా ఎక్సెల్‌తో కుస్తీ వద్దు. ఎత్తును నిలువు అక్షం మీదికి తెచ్చేదానికే సిరీస్‌లోకి వెళ్ళి ఎక్స్, వై చేతితో మార్చుకోవాలి. అది ఒకసారి చేస్తాం, యాభై ప్రొఫైళ్ళకు (ఎత్తును బట్టి విలువ ఎలా మారిందో చూపే గీతలకు) చేయలేం.

ఆరిజిన్: కాలమ్‌కు కులం పెట్టే సాఫ్ట్‌వేర్

ఇక మన ఊళ్ళో ల్యాబుల్లో జేజేలు అందుకునే ఆరిజిన్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆరిజిన్‌ల్యాబ్ కంపెనీది. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. మ్యాక్ కొన్న పిల్లలు ఇది ముందే తెలుసుకుంటే మంచిది.

దీని అసలు బలం గ్రాఫ్ కిటికీలో లేదు, వర్క్‌షీట్‌లో ఉంది. ఇక్కడ ప్రతి కాలమ్‌కూ ఒక హోదా ఉంటుంది: ఇది ఎక్స్, ఇది వై, ఇది వై ఎర్రర్, ఇది జడ్, ఇది లేబుల్. కాలమ్ తల మీద కుడి క్లిక్ చేసి ఈ హోదా ఒకసారి పెడితే, ఆ తర్వాత ఏ గ్రాఫ్ గీసినా అది దాన్నే పాటిస్తుంది. ఎర్రర్ కాలమ్‌ను దాని వై కాలమ్‌కు వెంటనే కుడివైపున ఉంచి, హోదా ఇచ్చి, మూడూ కలిపి ఎంచుకుని ప్లాట్ నొక్కండి. పాయింటు పాయింటుకూ దాని సొంత ఎర్రర్ బార్ వస్తుంది. సెమినార్‌కు ముందు నాకు ఎవరైనా ఇది చూపించి ఉంటే నా కథ వేరేలా ఉండేది.

కాలమ్ తల కింద లాంగ్ నేమ్, యూనిట్స్, కామెంట్స్ అని మూడు గళ్ళుంటాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేసి, గ్రాఫ్ గీశాక అక్షాల పేర్లు ఒక్కొక్కటీ డబుల్ క్లిక్ చేసి టైపు చేస్తారు. అది దండగ పని. ఆ గళ్ళలో "తరంగ దైర్ఘ్యం", "నానోమీటర్లు" అని ఒకసారి పెట్టారంటే ప్రతి గ్రాఫ్‌లోనూ అక్షం పేరు, బ్రాకెట్‌లో యూనిట్ తమంతట తామే పడతాయి. కామెంట్స్‌లో శాంపిల్ పేరు రాస్తే దాన్ని లెజెండ్‌లోకి (ఏ గీత దేనిదో చెప్పే పట్టీలోకి) తెచ్చుకోవచ్చు.

మా ఊరి ఎక్స్‌ఆర్‌డీ స్కాలర్లకు ఆరిజిన్ ఎందుకు ఇష్టమో ఒక్క సాయంత్రం పక్కన కూర్చుంటే అర్థమవుతుంది. ఐదు శాంపిళ్ళ కాలమ్‌లు ఎంచుకుని, వై ఆఫ్‌సెట్‌తో పేర్చే ప్లాట్ నొక్కితే ఐదు గీతలూ మెట్ల మీద కూర్చున్నట్టు వచ్చేస్తాయి. ఎక్సెల్‌లో అయితే రెండో శాంపిల్‌కు 500, మూడో దానికి 1000 కలుపుతూ వేరే కాలమ్‌లు తయారుచేయాలి. ఇలా చేస్తే అసలు డేటా ఏదో, కలిపిన డేటా ఏదో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. ఒక గ్రాఫ్‌ను మీకు నచ్చినట్టు తీర్చిదిద్దాక దాన్ని టెంప్లేట్‌గా దాచుకోవచ్చు. అదే గ్రాఫ్‌ను కొత్త వర్క్‌బుక్ డేటాతో నకలు తీసే వీలూ ఉంది. యాభై ప్రొఫైళ్ళ పని అప్పుడు ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఎక్స్, వై, జడ్ కాలమ్‌ల నుంచి కాంటూర్, హీట్‌మ్యాప్ లాంటి రంగుల పటాలు కూడా బాగా గీస్తుంది కాబట్టి గాలి డేటా వాళ్ళకూ సరిపోతుంది.

వేల వరుసల గ్రాఫ్ మీద కొన్నిసార్లు స్పీడ్ మోడ్ అని చిన్న గమనిక కనపడుతుంది. భయపడకండి. తెర మీద వేగంగా చూపడానికి కొన్ని పాయింట్లు వదిలేస్తున్నానని అది చెబుతోంది. కానీ సన్నని పీక్ (గీతలో శిఖరం) కోసం వెతికేటప్పుడు మాత్రం దాన్ని ఆపేసి చూడండి.

ఇబ్బందులు మూడు. మొదటిది డబ్బు. రెండోది, ఆరిజిన్, ఆరిజిన్‌ప్రో అని రెండున్నాయి. పీక్ ఎనలైజర్‌లో పీకులు విడదీసి ఫిట్ చేసే పని ప్రోలోనే ఉంటుంది. సీనియర్ దగ్గర చూసింది ప్రో, మీ డిపార్ట్‌మెంట్ కొన్నది మామూలుది అయితే మెనూలో వెతికి వెతికి అలిసిపోతారు. మూడోది ఫైల్. 2018 వెర్షన్ నుంచి ప్రాజెక్ట్ ఫైల్ కొత్త రూపంలోకి, ఓపీజేయూ అనే ఎక్స్‌టెన్షన్‌తో వచ్చింది. అంతకు ముందరి వెర్షన్లు దాన్ని తెరవలేవు. నాకు తెలిసిన ఒక అబ్బాయి హాస్టల్ రూమ్‌లో స్నేహితుడి లాప్‌టాప్‌లో రాత్రంతా కూర్చుని గ్రాఫులు ముగించాడు. పొద్దున గైడ్ ముందు ల్యాబ్ కంప్యూటర్‌లో తెరవబోతే తెరుచుకోలేదు. ఆ కంప్యూటర్‌లో ఉన్నది పాత వెర్షన్. ఆ స్నేహితుడి కాపీ క్రాక్ చేసినదని మళ్ళీ చెప్పాలా?

క్రాక్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి దాచకుండా చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే కాపీతో థీసిస్ నడిపితే, అందులో వైరస్ ఉన్నా లేకపోయినా, మీ రెండేళ్ళ పని మీది కాని తాళంతో వేసిన పెట్టెలో పెట్టినట్టే. తర్వాత చేరిన చోట ఆ ఫైల్ తెరిచే దారి ఉండదు. ఆరిజిన్ ఫైళ్ళు చూడటానికి మాత్రం కంపెనీయే ఉచితంగా ఆరిజిన్ వ్యూయర్ ఇస్తుంది. గైడ్ దగ్గర లైసెన్స్ లేకపోతే అది పెట్టించండి, పీడీఎఫ్‌లు పంపే బాధ తప్పుతుంది.

సిగ్మాప్లాట్: విజార్డ్ అడిగే ప్రశ్న

పాత కంప్యూటర్లున్న డిపార్ట్‌మెంట్లలో ఇంకా కనపడుతుంది. ఇందులో గ్రాఫ్ విజార్డ్ చేయి పట్టుకుని నడిపిస్తుంది: ఏ రకం గ్రాఫ్, ఏ తీరు, డేటా ఏ ఆకారంలో ఉంది అని వరసగా అడుగుతుంది. ఎక్స్, వై జతలా, ఒకే ఎక్స్‌కు చాలా వైలా, వట్టి వైలేనా అని. ఎర్రర్ బార్ల దగ్గర ఇంకో మంచి ప్రశ్న వేస్తుంది: విలువలు వర్క్‌షీట్ కాలమ్‌లో ఉన్నాయా, లేక కాలమ్‌ల సగటు నన్నే కట్టమంటారా? రిప్లికేషన్లు అలాగే ఉంచి సగటు దాన్నే కట్టనివ్వొచ్చు. కొత్తవాళ్ళకు ఈ ప్రశ్నలే ఒక పాఠం. అయినా ఇప్పుడు కొత్తగా డబ్బు పెట్టి కొనేవాళ్ళకు దీన్ని సిఫారసు చేయను. పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు మన దగ్గర తగ్గిపోయారు. డిపార్ట్‌మెంట్‌లో లైసెన్స్ ఉండి, నేర్పే సీనియర్ ఉంటే మాత్రం వదలొద్దు.

ప్రిజమ్: ముందు టేబుల్, తర్వాత మాట

గ్రాఫ్‌ప్యాడ్ ప్రిజమ్ బయాలజీ, మెడిసిన్ వాళ్ళది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. తెరవగానే ఇది ఒక ప్రశ్న వేస్తుంది, దానికి జవాబు చెప్పకుండా లోపలికి రానివ్వదు: మీ టేబుల్ ఏ రకం? ఎక్స్‌వై, కాలమ్, గ్రూప్డ్, కంటింజెన్సీ, సర్వైవల్, పార్ట్స్ ఆఫ్ హోల్, మల్టిపుల్ వేరియబుల్స్, నెస్టెడ్ అని ఎనిమిది రకాలు. చాలామంది ఇక్కడే విసుక్కుంటారు. నాకు నచ్చేది సరిగ్గా ఇదే. ఎక్సెల్ మనల్ని ఏమీ అడగకుండా ఏదో ఒకటి గీసిస్తుంది. ప్రిజమ్ మాత్రం మన ప్రయోగం ఎలా చేశామో ముందే ఒప్పించుకుంటుంది.

రిప్లికేట్లను పక్కపక్క సబ్‌కాలమ్‌లలో అలాగే టైపు చేస్తాం. సగటు మనం కట్టక్కర్లేదు. ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) కావాలా, ఎస్‌ఈఎం (సగటు స్టాండర్డ్ ఎర్రర్) కావాలా, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కావాలా అన్నది గ్రాఫ్ దగ్గర మార్చుకోవచ్చు. రివ్యూయర్ "ఎస్‌ఈఎం బదులు ఎస్‌డీ చూపండి" అంటే రెండు క్లిక్కుల పని. సర్వైవల్ టేబుల్‌లో ఎక్స్‌లో కాలం, వైలో చనిపోతే 1, మధ్యలో మన కంట పడకుండా పోతే 0 అని పెడితే ఎప్పటికి ఎందరు బతికి ఉన్నారో చూపే కాప్లాన్-మేయర్ మెట్ల గ్రాఫ్ తానే గీస్తుంది. అదే గ్రాఫ్ ఎక్సెల్‌లో గీయమంటే నేను సెలవు పెడతాను.

ప్రిజమ్ తట్టుకోలేనివీ ఉన్నాయి. వేల వరుసల స్పెక్ట్రాలు, రాడార్ పటాలు దాని దారి కాదు. పొలంలో స్ప్లిట్ ప్లాట్ (పెద్ద మళ్ళను మళ్ళీ చిన్న మళ్ళుగా విడదీసే ప్రయోగం) వేసినవాళ్ళకూ ఇబ్బందే. అదీగాక ఇది చందా కట్టే పద్ధతిలో వస్తుంది. చందా ముగిశాక గ్రాఫ్ మీద పని చేయాలంటే మళ్ళీ కట్టాలి.

ఉచితంగా వచ్చేవి, మనసుపెట్టి చూడాల్సినవి

ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటాను. సొంత డబ్బుతో చదువుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది వ్యూజ్ (Veusz) గానీ ల్యాబ్‌ప్లాట్ (LabPlot) గానీ.

ల్యాబ్‌ప్లాట్ చూడ్డానికి ఆరిజిన్‌కు చెల్లెలిలా ఉంటుంది. వర్క్‌షీట్, కాలమ్ హోదాలు, పక్కన ప్రాజెక్ట్ చెట్టు, అన్నీ ఉన్నాయి. కేడీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బృందానిది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిటిలోనూ నడుస్తుంది. పాత ఓపీజే రకం ఆరిజిన్ ప్రాజెక్టులను తెరిచే ఏర్పాటు కూడా ఉంది. సీనియర్ వదిలేసి పోయిన ఫైళ్ళు చూసుకోవాలంటే పనికొస్తుంది.

వ్యూజ్ కొంచెం వింతగా ఉంటుంది గానీ అలవాటైతే వదలరు. ఇది డేటాను తన లోపలికి మింగదు. సీఎస్‌వీ ఫైల్‌కు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికకు) లింక్ పెట్టుకుంటుంది. ఫైల్‌లో అంకె మార్చి రీలోడ్ నొక్కితే గ్రాఫ్ మారుతుంది. సీఎస్‌వీ తలవరుసలో ఒక కాలమ్ పేరు స్థానంలో ప్లస్ మైనస్ గుర్తులు పక్కపక్కన పెట్టారంటే, దాని ముందున్న కాలమ్‌కు అది ఎర్రర్ అని తానే గ్రహిస్తుంది. నా విద్యార్థి ఒకడు తోతాపురి బ్రిక్స్ మీద చేశాడు. గది ఉష్ణోగ్రతలో ఉంచిన కాయలు, చల్లని గదిలో ఉంచిన కాయలు, రోజు రోజుకూ తీపి ఎలా పెరిగిందన్న లెక్క. వాడి సీఎస్‌వీలో ఐదే కాలమ్‌లు: రోజు, గది బ్రిక్స్, ఎర్రర్, చల్లగది బ్రిక్స్, ఎర్రర్. అరగంటలో జర్నల్‌కు పంపదగ్గ గ్రాఫ్ వచ్చింది. రూపాయి ఖర్చు లేదు.

న్యూప్లాట్ (gnuplot) అని ఇంకోటుంది, 1986 నాటిది. పేరు చూసి జీఎన్‌యూ (GNU) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ వాళ్ళదనుకుంటారు, కాదు. కిటికీలు, బటన్లు ఉండవు, ఒకటో కాలమ్ రెండో కాలమ్ తీసుకో, మూడోది ఎర్రర్ అని ఒక వాక్యం రాస్తే గీసిస్తుంది. లైనక్స్ అలవాటున్నవాళ్ళకు హాయి. మిగతావాళ్ళను నేను బలవంతపెట్టను.

కోడ్ రాసే దారి

పైథాన్, ఆర్ (R) రెండూ ప్రోగ్రామింగ్ భాషలు. గ్రాఫులకు పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆర్‌లో జీజీప్లాట్2. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను 2003లో తెచ్చిన జాన్ హంటర్ మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసుకోవడానికి దాన్ని రాసుకున్నాడు. అంటే అది పుట్టిందే మన లాంటి ల్యాబ్ అవసరం నుంచి.

కోడ్‌లో డేటాకూ గ్రాఫ్‌కూ మధ్య జరిగినదంతా కాగితం మీద రాసినట్టు ఉంటుంది. ఏ వరుస వదిలేశారు, దేనితో భాగించారు, అన్నీ కనపడతాయి. డేటా మారితే మళ్ళీ రన్ చేయడమే. పన్నెండు గ్రాఫులైనా నూట ఇరవై గ్రాఫులైనా ఒకటే శ్రమ. లాప్‌టాప్ పాతదైనా పరవాలేదు, గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే నడుపుకోవచ్చు. రాడార్ తరహా కాలం-ఎత్తు-రంగు పటాలకు దీన్ని మించింది నేను చూడలేదు. రంగుల విషయంలో మాత్రం పాత ఇంద్రధనుస్సు రంగులు పట్టుకోకండి. వర్ణాంధత ఉన్నవాళ్ళకు అవి తప్పుగా కనపడతాయి, లేని అంచులు ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి విరిడిస్ అనే రంగుల వరసే మామూలుగా వస్తుంది, దాన్ని అలాగే ఉంచేయండి.

అగ్రికల్చర్ స్కాలర్లకు ఆర్ ఎక్కువ కలిసొస్తుంది, ఎందుకంటే ఫీల్డ్ డిజైన్ల అనోవా (సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చే లెక్క), గ్రాఫ్ ఒకే చోట అయిపోతాయి. కానీ మొదటి రోజు తల గోడకేసి కొట్టుకునే చోటొకటి ఉంది, ముందే చెబుతాను. మనం వర్క్‌షీట్‌లో ఆర్1, ఆర్2, ఆర్3 అని రిప్లికేషన్లను పక్కపక్క కాలమ్‌లలో పెడతాం. జీజీప్లాట్2కు అది నచ్చదు. ప్రతి కొలతకూ ఒక వరుస కావాలి. 4 ట్రీట్‌మెంట్లు, 3 రిప్లికేషన్లు, 5 తేదీలు అంటే 60 వరుసల పొడవాటి పట్టిక. వరుసకు నాలుగే గళ్ళు: ట్రీట్‌మెంట్, రిప్లికేషన్, తేదీ, విలువ. ప్రిజమ్ వెడల్పుగా అడుగుతుంది, ఆర్ పొడవుగా అడుగుతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలనుకునేవాళ్ళు ఈ మడత దగ్గరే ఆగిపోతారు. మడత విప్పే ఫంక్షన్ ఆర్‌లోనే ఉంది, చేత్తో కాపీ పేస్ట్ చేయకండి. అరవై వరుసల్లో ఒక్కటి కిందికి జారినా కనిపెట్టలేరు.

కోడ్ ఎవరికి వద్దు? మూడు వారాల్లో థీసిస్ ఇవ్వాల్సి ఉండి, ఇంతవరకు ఒక్క లైను కూడా రాయనివాళ్ళకు. ఆ టెన్షన్‌లో కొత్త భాష నేర్చుకోవడం పెళ్ళిరోజు వంట నేర్చుకోవడం లాంటిది.

తెలుగు అక్షరాలు కావాలంటే

రైతుల సమావేశాలకు పోస్టర్ వేసేటప్పుడు అక్షాల పేర్లు తెలుగులో ఉంటే బాగుంటుంది. "దిగుబడి, క్వింటాళ్ళు" అని కనపడితే రైతు గ్రాఫ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాడు. ఎక్సెల్‌లో ఇది సాఫీగా జరిగిపోతుంది. వ్యూజ్‌లోనూ నాకు ఇబ్బంది రాలేదు. నేను వాడిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్లలో మాత్రం తెలుగు ఫాంట్ పెట్టినా ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు దొర్లిపోయాయి, క్వింటాళ్ళు ముక్కలు ముక్కలైంది. అలాంటప్పుడు గ్రాఫ్‌ను అక్షరాల్లేకుండా ఎస్‌వీజీ బొమ్మ ఫైల్‌గా దాచి, ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాసుకోవడమే సులువు.

జర్నల్‌కు పంపేటప్పుడు

చాలా జర్నళ్ళు పేజీలో ఒక కాలమ్ పట్టే గ్రాఫ్‌ను దాదాపు 9 సెంటీమీటర్ల వెడల్పులో వేస్తాయి. నేచర్ అయితే 89 మిల్లీమీటర్లు అని రాసిపెట్టింది. గ్రాఫ్‌ను మొదటి నుంచీ ఆ వెడల్పులోనే గీయండి. తెర నిండా గీసి తర్వాత కుదిస్తే అక్షరాలు చీమల్లా అయిపోతాయి. ఆరిజిన్, వ్యూజ్, పైథాన్, ఆర్ అన్నిటిలోనూ సెంటీమీటర్లలో గానీ అంగుళాల్లో గానీ పేజీ వెడల్పు ముందే పెట్టుకోవచ్చు. ఎక్సెల్‌లోనూ కుదురుతుంది కానీ ఎవరూ చేయరు. గీతల గ్రాఫ్‌కు వీలైతే పీడీఎఫ్, ఈపీఎస్, ఎస్‌వీజీల్లో ఒకటి పంపండి, ఎంత పెంచినా పగలదు. వర్డ్‌లో అతికించి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్ళను చూశాను. అది మాత్రం వద్దు.

ఇంతకీ నేను ఎవరికి ఏం చెప్పాను

ఈ ఏడాది ముగ్గురు అడిగారు. గాజు శాంపిళ్ళ స్పెక్ట్రాలు చేసే అబ్బాయికి డిపార్ట్‌మెంట్‌లో ఆరిజిన్ లైసెన్స్ ఉంది కాబట్టి అదే వాడమన్నాను, కాకపోతే ప్రతి వర్క్‌షీట్‌నూ సీఎస్‌వీగా కూడా దాచమన్నాను. లైసెన్స్ ఉన్న కంప్యూటర్ చెడిపోయినా డేటా మిగులుతుంది. మార్కెట్లో టమాటా ధరల మీద ఎంఎస్సీ ప్రాజెక్ట్ చేసే మదనపల్లె అమ్మాయికి ఎక్సెల్ చాలన్నాను, స్కాటర్ ఏదో, లైన్ ఏదో ఫోన్‌లోనే చూపించాను. మూడో ఆయన వయసులో నాకన్నా పెద్ద, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు, ఎలుకల మీద మందు ప్రయోగం. ఆయనకు ప్రిజమ్ సరిపోతుంది, కానీ డబ్బు కట్టాలంటే సందేహం. "సార్, ప్రిజమ్ ట్రయల్ 30 రోజులుంటుంది, ఆరిజిన్‌ది 21 రోజులు. ఇప్పుడే డౌన్‌లోడ్ చేయొద్దు" అన్నాను. ఆఖరి ఎలుక రీడింగ్ కూడా వర్క్‌షీట్‌లోకి ఎక్కాక, గైడ్ టేబుళ్ళు చూసి సరే అన్నాక, ఆ శుక్రవారం రాత్రి ఇన్‌స్టాల్ చేసుకోమన్నాను. ఆయన ఆ మాట వినేలోపే డౌన్‌లోడ్ చేసేశారట. ఇప్పుడు ఇరవై రెండు రోజులు మిగిలాయి, ఇంకా ఆరు ఎలుకల రీడింగులు రావాలి.